పసుపు లైట్ల జీపు

మొన్న మా బిడ్డ కొత్త కారు కొనుక్కుని, దానికి సీటు కవర్లూ లైట్లూ ఎంచుకోవాలంటే బతుకంతా ఆ పనే చేసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా అని నన్ను వెంటబెట్టుకుని కరీంనగర్ తీసుకుపోయింది. దుకాణం అతను ముందు బంపరుకు బిగించే లైట్ల జత ఒకటి బల్లమీద పెట్టి స్విచ్చి వేశాడు. పసుపు వెలుగు నా మొహంమీద పడింది. నేనే చెయ్యి చాపి స్విచ్చి ఆపేశాను. ఇవి వద్దు బిడ్డా, తెల్లవి తీసుకో అన్నాను. ఎందుకని అడిగితే బండి రంగుకు నప్పవని చెప్పాను. అది అబద్ధం. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల దారుల్లో ఆ రోజుల్లో తిరిగిన నా ఈడు వాళ్లయితే ఇంకో ప్రశ్న వేయకుండానే ఊరుకునేవారు.

మాది తాళ్లెక్కి కల్లు గీసే ఇల్లు. మా నాయన చెట్టుమీదినుంచి పడి నడుము పోగొట్టుకున్నాక, నేను చెట్టెక్కే మోకు ముట్టనని మా అమ్మకు మాటిచ్చి, కరీంనగర్‌లో ఒక సీటు కవర్ల దుకాణంలో కుట్టుపని నేర్చుకుని, పెండ్లయిన ఏడే కోరుట్లలో సొంతంగా దుకాణం పెట్టుకున్నాను. రెగ్జిన్ తానులు, హారన్లు, లైట్లు, లారీలకు కట్టే జడకుచ్చులు, ఇవే నా సరుకు. బండి కొన్నవాడు ఎంతటి వాడైనా దానికి సింగారం ఎంచుకునేటప్పుడు పెండ్లిబట్టలు ఎంచుకునే ఇంటామె లాగానే తడబడతాడు, ఇది తీసి అది పెట్టి, మళ్లీ మొదటిదే కావాలంటాడు, అది చూడడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

చందుర్తి దిక్కు ఒక ఊరి దొర తన జీపును నా దగ్గరికే తెచ్చేవాడు. ఒకసారి పొద్దంతా కూర్చుని, ముదురు ఎరుపు రెగ్జిన్‌కు తెల్లంచు సీట్లూ, ముందు గార్డుకు రెండు పసుపు లైట్లూ, రెండు గొంతులతో కూసే హారనూ ఎంచుకున్నాడు. ఆ హారన్ వినబడితే బండి కనబడకముందే జనం దారి తొలిగేవారు. వాళ్లలో మా మేనబావ కూడా ఒకడు. అతనిదీ ఆ ఊరే. కొన్నేండ్లు తాళ్లెక్కి, కూడబెట్టి, ఒక పాత జీపు కొని సిరిసిల్ల నుంచి కోరుట్లకు మనుషులను నడపడం మొదలుపెట్టాడు. కొన్న వారానికే నా దుకాణానికి వచ్చి నేను చూపించిన వాటిలో ఒక్కటీ ముట్టుకోకుండా నిలబడి, దొర బండికి ఏమేం ఉన్నయో గవే నాక్కావాలె బామ్మర్దీ అన్నాడు. అతని నాయన ఆ బండికి దారి ఇవ్వడానికి బురదలోకి దిగిన సంగతి నాకు తెలుసు. అందుకే నేనూ పట్టుదలగా అదే తానులోంచి కోసి, అదే అంచు వేసి, అవే లైట్లు బిగించి పంపాను. నేను చేసిన పనుల్లో అంత మనసుపెట్టి చేసినది ఇంకోటి లేదనుకుంటాను.

ఆ తరువాత ఊళ్లకు అన్నలు రావడం ఎక్కువైంది. గోడలమీద రాతలు, దొరల గడీలకు తాళాలు, పొద్దు గూకితే ఎవరింట్లో వాళ్లు దీపం తగ్గించుకోవడం. దొర కూడా కుటుంబాన్ని తీసుకుని జగిత్యాలలో కిరాయి ఇంట్లోకి మారాడు. ఒక మధ్యాహ్నం అతనొక్కడే జీపు నడుపుకుంటూ వచ్చి, లైట్లూ హారనూ సీట్లూ అన్నీ ఊడదీసి, చిరిగిన పాత టాపు ఒకటి కప్పమన్నాడు.  పని జరుగుతున్నంతసేపూ సడక్ వైపు వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడూ కుర్చీలో కాలుమీద కాలేసుకునే మనిషి ఆ రోజు రెండు కాళ్లూ దగ్గరికి ముడుచుకుని ఉన్నాడు.

అతను వెళ్లాక ఊడదీసిన లైట్లను గోనెసంచిలో వేస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఈ గుర్తులన్నీ పెట్టుకుని ఇంకొక జీపు అదే దారిలో తిరుగుతోందని. ఆ దినం అన్నం ముట్టలేదు. తెల్లవారి మొదటి బస్సుకు సిరిసిల్ల పోయాను. అడ్డామీద బావ జీపు నిండింది, వెనుక మరమగ్గాల వాళ్లు బట్టమూటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. లైట్లు తీసేద్దాం, నడువు, నా దుకాణానికి పోదాం అన్నాను. అతని మొహం చిన్నబోయింది. దొరకు ఉంటే తప్పు లేదు గని నాకుంటె తప్పా అన్నాడు. అంతమందిలో ఎవరి చెవి ఎక్కడికి పోతుందో తెలియక అసలు సంగతి చెప్పలేకపోయాను. కోరుట్లకు చేరాక నిదానంగా చెప్పవచ్చునని ముందు సీట్లో అతని పక్కన కూర్చున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

చందుర్తి దాటాక, పట్టపగలు, ఎండ దంచుతుండగా, మోదుగు చెట్ల చాటునుంచి ముగ్గురు సడక్ మీదికి వచ్చారు. ఇద్దరి చేతుల్లో తుపాకులున్నాయి. మూడో మనిషి సన్నగా, భుజంమీద తువ్వాలతో, బడిపంతులులా ఉన్నాడు. అందరినీ దింపారు. ఒక ముసలామె మూట వదలక గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది. తువ్వాల మనిషి ముందు లైట్లను చేత్తో తడిమి, సీట్లు చూసి, దొర ఏడి అని అడిగాడు.  తుపాకీ మొన బావ ఛాతీకి ఆనింది. 

బావ ఏమనుకున్నాడో, మెల్లగా అంగీ గుండీలు విప్పాడు. ఛాతీమీదా ముంజేతులమీదా తాటిచెట్టు రాసుకుని నల్లగా గట్టిపడిన చర్మం, ఇన్నేండ్లు ఎక్కినందుకు మిగిలినది, ఎండలో కనబడింది. తువ్వాల మనిషి చాలాసేపు చూశాడు. తుపాకీని చేత్తో పక్కకు నెట్టాడు.

“తాళ్లెక్కేటోనివా?”

బావ తల ఊపాడు. జనాన్ని ఎక్కమన్నారు. బతికిపోయామనుకున్నాను. అప్పుడతను లైట్లవైపు మళ్లీ చూసి, ఇవి ఎవలు పెట్టిన్రని అడిగాడు. బావ కండ్లు నావైపు తిరిగాయి.

“నేనే పెట్టిన అన్నా,” అన్నాను.

“దొర బండికి సుత నువ్వేనా? ఇంక గివే ఉన్నయా దానికి?”

అవునంటే సరిపోయేది. కానీ అవునంటే ఈ బావనే మళ్లీ ఆపుతారు కదా అని ఆలోచించానని తరువాత నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. నిజానికి నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచన కంటే ముందు నోరు తెరుచుకుంది.

“నిన్ననే అన్నీ తీసిపిచ్చిండు. ఇప్పుడు చిరిగిన టాపు ఏసుకొని తిరుగుతుండు.”

అతను తల ఊపి, పోండి అన్నాడు.  కోరుట్లలో నా దుకాణం ముందు దిగి, బావ తానే పానా తీసుకుని ఆ లైట్లను ఊడదీశాడు. కింద పడిన మరలను నేను వంగి ఏరి ఇచ్చాను.

ఆ రాత్రంతా నాకు చిరిగిన టాపే కనబడింది. దొరకు చెప్పకపోతే ఒక ప్రాణం పోతుంది, చెప్తే అన్నలకు తెలిసి నా ప్రాణం పోవచ్చు, పోలీసులకు తెలిస్తే నువ్వు వాళ్లను ఎక్కడ చూశావని ఎత్తుకుపోతారు. అయినా తెల్లవారి జగిత్యాల పోయాను. దొర వాకిట్లో ఉన్నాడు. జీపు అమ్మేయండి, దాంట్ల ఊరికి పోకండి అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

“వాళ్లకు చెప్పినవా రా?”

“చెప్పిన దొరా.”

తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. అతను మాత్రం లోపలికి కేకేసి నాకు నీళ్లు తెప్పించాడు.  ఆ వారంలోనే జీపు వేరే జిల్లా వాడికి అమ్ముడుపోయింది. దొర మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. చాలా ఏండ్లకు పట్నంలో, పెద్దవయసులో, ఎవరి తూటాకూ కాక రోగంతో పోయాడని విన్నాను. విన్నరోజు నేను మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నానంటే ఎవరైనా తప్పుపడతారేమో, తెలియదు.

ఇప్పుడు చందుర్తి దారిలో ఏ బండి ఎవరిదో ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. కుర్రవాళ్లు ఇష్టమైన రంగుల్లో లైట్లు పెట్టుకుని హాయిగా పోతున్నారు. ఆ భయం పోయినందుకు దేవునికి దండం పెట్టుకోవలసిందే. కానీ భయపడిన రోజుల్లో మనిషి పక్కన మనిషి ఎట్లా నిలబడ్డాడో ఎరిగినవాళ్లు కూడా ఒకరొకరే పోతున్నారు. బావ పోయినేడు కాలం చేశాడు. అన్నలకు నేను చెప్పిన మాటను రెండడుగుల దూరంలో నిలబడి విన్నవాడు. ఎన్ని పెండ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని తిన్నామో, ఎన్నిసార్లు కల్లు పంచుకున్నామో, ఒక్కసారైనా ఆ ఊసు ఎత్తలేదు. నన్ను సిగ్గుపడకుండా కాపాడాలనుకున్నాడో, నన్ను చూసి అతనే సిగ్గుపడ్డాడో, అడుగుదామని ఏండ్ల తరబడి అనుకుంటూనే అతని పాడె మోశాను.