నాయన పెట్టిన స్క్రీన్‌షాట్లు

మా నాయన లారీ దిగి ఇంట్లో కూర్చున్న కొత్తల్లో మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. మదనపల్లి టమోటా లోడు ఎత్తుకుని పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడుకు ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి. మిషన్ ఆస్పత్రి వెనక వీధిలోని మా రెండు గదుల మధ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండేవాడు. మోకాళ్ల నొప్పులని బండి దిగిన మనిషి అంతసేపు ఎట్లా నడుస్తాడని నాకు తట్టనే లేదు.

అమ్మ ఆ ఆస్పత్రిలోనే ఆయా. డ్యూటీ దిగి రాగానే నూనె కాచి ఆయన మోకాళ్లకు మర్దన చేసేది. చర్చిలో స్త్రీల కూటంలో ఆ మోకాళ్ల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించేది. నాయన లుంగీ పైకి లాక్కుని కాళ్లు చాపేవాడు.

నేనప్పుడు కుప్పంలో ఒక కాలేజీలో ల్యాబు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి, సోమవారం తెల్లవారుజామున మళ్లీ కుప్పానికి. ఇప్పుడు మదనపల్లిలోనే ఉద్యోగం, నడిచిపోయేంత దూరం. అయినా ఆ శనివారం బస్సు మీద నాకు ఎంత బెంగో చెప్పలేను. నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో అడుగు పెట్టిన కాసేపటికే టీవీ మోత గురించి నాయనతో పేచీ, ఆయన అలక, మధ్యలో అమ్మకు తలనొప్పి. ఈయన చేతికి ఏదో ఒకటి ఇస్తేగానీ ఇల్లు కుదుటపడదనిపించింది.

అంగళ్లు ఊరి కాలేజీలో చదివేటప్పుడు కొనుక్కున్న కంప్యూటర్ మూలన పడి ఉంది. దాన్ని దులిపి, అందులో లారీ నడిపే ఆట ఒకటి ఎక్కించాను. ఆటకు తగిలించే స్టీరింగు, క్లచ్చు, బ్రేకు తెచ్చి టేబుల్‌కు బిగించాను. ఆయన పేరుతో ఆన్‌లైన్ ప్రొఫైల్ కూడా నేనే తెరిచాను. స్నేహితుల జాబితాలో ఉన్నది నేనొక్కదాన్నే.

బొమ్మ బండి తోలడానికా ఇన్నేళ్లు క్లచ్చు తొక్కిందని నాయన మొదట ఎగతాళి చేశాడు. పై వారం నేను వచ్చేసరికి ఆ కుర్చీలోనే ఉన్నాడు. నిజం బండి ఎక్కేటప్పుడు చేసినట్టే స్టీరింగు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, హారన్ ఒకసారి కొట్టి బయల్దేరాడు. నేను పకపకా నవ్వితే అమ్మ కసిరింది.

ఆ ఆటలో రోడ్లు మనవి కావు, ఎక్కడో చలి దేశాలవి. నాయనకు మాత్రం అన్నీ మన రోడ్లే. చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ ఎక్కే దారి కనిపిస్తే హార్స్లీ హిల్స్ అనేవాడు. ఊరి మొదట్లో కూడలి వస్తే అది పుంగనూరు. లారీలు బారులు తీరిన పెట్రోలు బంకు ఏదైనా సరే, అది కుప్పమే.

లారీ డ్రైవరు ఎక్కడ ఆగినా ఓనరుకు ఆ సంగతి చెప్పాలి. అది వాళ్ల పనిలో పద్ధతి. నా చిన్నప్పుడు ఎస్టీడీ బూతు నుంచి చెప్పేవాడు. ఓనరు అంగడి మా వీధి మొదట్లోనే ఉండేది. ఆయన ఫోను పెట్టేసి, మీ ఆయన పుంగనూరు దాటినాడంట అని వాకిట్లోంచి కేకేసేవాడు. అమ్మ కూర కలుపుతూనే తల ఊపేది. మాకు పుంగనూరంటే ఊరు కాదు, నాయన క్షేమంగా ఉన్నాడన్న కబురు. ఆ కేక వినపడితేగానీ మాకు అన్నం సహించేది కాదు. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాక ఓనర్లు ఫోటో అడగడం మొదలుపెట్టారు. ఆగిన చోటల్లా బండిని ఫోటో తీసి, కింద ఊరి పేరు రాసి వాట్సాప్‌లో పంపాలి.

అలవాటైన ప్రాణం కదా, ఆటలో కూడా నాయన ఆగిన చోటల్లా మీట నొక్కి స్క్రీన్‌షాట్ తీసేవాడు. ఫోనులో రాసినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి దాని కింద పెట్టేవాడు. ఈ ఫోటో ఎక్కడికి పోతుందని ఒకసారి అడిగాడు. నీ ప్రొఫైల్లోకి పోతుంది, నాకు కనపడుతుందిలే అన్నాను. వాట్సాప్‌లో పంపినట్టే అది నాకొక్కదానికే చేరుతుందని ఆయన అర్థం చేసుకున్నాడు. ఓనరు స్థానంలో ఇప్పుడు నేనున్నానన్నమాట. "పుంగనూరు దాటినాను, లోడు బాగుండాది" అని వచ్చేది. "సరే నాయనా, పో" అని నేను వాట్సాప్‌లో జవాబు పెట్టేదాన్ని. నా ఫోనులో మొదటి వాక్యం మాత్రమే కనపడేది. ఆ కింద ఇంకా రాసి ఉంటుందని నేను అనుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కుప్పంలో, నాతోపాటు ల్యాబులో పనిచేసే అమ్మాయి క్యారియరు మూత తీస్తూ తన ఫోను నా ముందు పెట్టింది. వాళ్ల మేనమామ లారీ డ్రైవరట. కుప్పం డ్రైవర్ల గ్రూపులో ఇది తిరుగుతోందట. ఎవరో మదనపల్లి పెద్దాయన ఆట ఆడుతూ పాత సంగతులు రాస్తున్నాడు, ఎంత బాగున్నాయో చూడక్కా అంది. చూశాను. అది నాయన ప్రొఫైలే. అక్కడున్న ఫోటోలన్నీ ఎవరికి పడితే వాళ్లకు తెరుచుకుంటున్నాయి. ఏవి ఎవరికి కనపడాలో ఎంచుకునే పేజీ ఒకటుందని నాకు తెలుసుగానీ, ఒక ఆటకు అంత జాగ్రత్త ఎందుకనుకున్నాను. ఆ ప్రొఫైల్ పుట్టిందే అందరికీ కనపడేటట్టు పుట్టింది.

మొదట చదివినవాటికి నవ్వొచ్చింది. ఒక వేసవి సెలవుల్లో నన్ను లారీలో కుప్పం దాకా తీసుకుపోయాడు. ఇంజను మీద గోనెపట్ట వేసి కూర్చోబెడితే, కింది నుంచి వేడి తగులుతూంటే, టమోటాల వాసనలో నిద్రపోయాను. పుంగనూరులో నాకు వేరుశనక్కాయలు కొన్నాడు. అమ్మ కోసం కనకాంబరాలు కొని, అవి తిరిగొచ్చేలోపల వాడిపోతే ఇవ్వడానికి సిగ్గుపడి సీటు కింద దాచాడు. అదంతా రాశాడు. నాకు తెలిసిన నాయన పది మాటలు వరసగా మాట్లాడడు. గుడిలో లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని అమ్మ ఎన్ని కొత్త సంవత్సరాలు మోచేత్తో పొడిచినా బెంచీ మీద నుంచి లేచినవాడు కాదు.

ఆ తర్వాత ఒక ఫోటో. మంచులో దిగుతున్న రోడ్డు. కింద ఇట్లా ఉంది: "పాపా, ఇది పలమనేరు దాటినాక వచ్చే దిగుడు మాదిరి ఉండాది. ఆడనే మంచులో ఆటో అడ్డమొచ్చింది. నిండా ఇస్కూలు పిల్లోల్లు. బ్రేకు పడింది, ఎవురికీ ఏం కాలేదు. ఆ పొద్దు నుంచి సీట్లో కూసుంటే చేతులు వణకతాండాయి. నాకు మోకాళ్లు కాదు పాపా, భయం. మీ యమ్మకు సెప్పొద్దు."

ముద్ద నోట్లోకి పోలేదు. ముందు నాయన మీద కోపం వచ్చింది, ఇన్నాళ్లు అమ్మ చేత ఉత్తుత్తి నొప్పికి నూనె రాయించుకున్నాడని. ఆ వెంటనే ఏడుపు వచ్చింది. ల్యాబు సామాను గదిలోకి పోయి ఏడ్చాను.

నాయనకు మిగిలింది మదనపల్లి లారీ స్టాండు దగ్గర టీ అంగడి ఒక్కటే. రోజూ పొద్దున పోయేవాడు. కుర్ర డ్రైవర్లు పెద్దాయనా అని లేచి చోటిచ్చి, దారుల సంగతి అడిగేవాళ్లు. వాళ్లలో ఎవడైనా భయమంటే గాజులు తొడుక్కోపో అంటారు. నాయనే అనగా నేను విన్నాను. కుప్పం గ్రూపులో తిరిగేది మదనపల్లికి రావడానికి ఎంతసేపు? వచ్చిందంటే ఇక ఆయన ఆ అంగడి మెట్టెక్కడు. పోయిన పరువు పిలిస్తే వస్తుందా? మళ్లీ ఆ రెండు గదుల మధ్య నడకే గతి.

ఆ శనివారం బస్సులో ఆ పేజీ తెరిచాను. అందరికీ, స్నేహితులకు, నాకు మాత్రమే అని మూడు దారులున్నాయి. ప్రొఫైల్ తాళం నా దగ్గరే ఉంది. పుంగనూరు వచ్చేలోపల అన్నీ మూసేసి, ఏమీ జరగనట్టు ఇంటికి పోవచ్చు. వేలు అక్కడిదాకా పోయి వెనక్కి వచ్చేది. ఆయన అవి నాకు రాశాడు, నిజమే. కానీ అవి నావి కావు. ఆయనను అడగకుండా మూయడానికి నాకు మనసొప్పలేదు.

ఆదివారం గుడి నుంచి వచ్చాక అమ్మ వంటింట్లోకి పోయింది. నేను నాయన పక్కన స్టూలు లాక్కుని గొంతు తగ్గించి చెప్పాను. స్టీరింగు మీద ఆయన చెయ్యి అట్లానే ఉండిపోయింది.

"అందరూనా?" అన్నాడు. తర్వాత, "స్టాండులో సూసినారా?"

తెలియదన్నాను. ఆ ముఖం చూడలేక నేను కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాను. చివరికి అన్నీ మూసెయ్యమన్నాడు. ఒక్కొక్కటే తెరిచి చూపిస్తూ మూయసాగాను. కనకాంబరాల సంగతి రాసిన ఫోటో రాగానే, అది ఆయనకు మాత్రమే కనపడేటట్టు పెట్టమన్నాడు. అట్లయితే నాకు కూడా కనపడదు నాయనా అంటే, నువ్వు చదివేసినావు కదా, చాలు అన్నాడు. అమ్మ పేరున్నవన్నీ అట్లానే దాచుకున్నాడు.

మంచు రోడ్డు ఫోటో దగ్గరికి వచ్చాం. దాని అడుగున ఎవరెవరో రాసినవి ఉన్నాయి. అట్లా రాయవచ్చని కూడా నాయనకు తెలియదు. నవ్వే బొమ్మలు కొన్ని ఉన్నాయి, వాటిని దాటేశాను. ఒక కుప్పం డ్రైవరు రాసింది మాత్రం చదివి వినిపించాను.

"అన్నా, నాకూ ఇదే. ఇంట్లో నడుము నొప్పి అని సెప్పినాను."

"ఇంకోసారి సదువు" అన్నాడు నాయన. చదివాను. ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "వాడు బండి దిగినాడా లేదా అడుగు."

అడిగాను. అమ్మ రసం తాలింపు పెట్టే వేళకు జవాబు వచ్చింది. దిగలేదట. రేపు మళ్లీ లోడు ఉందట. నాయన లేచి ఆ గదిలోకి పోయి, మళ్లీ ఈ గదిలోకి వచ్చాడు.

"ఈ ఫోటో మాత్రం మూయొద్దు పాపా. ఇట్లాటోల్లు ఇంకా ఉంటారు" అన్నాడు. తన నంబరు ఆ కుర్రవాడికి పంపమన్నాడు. అది మాత్రం అందరికీ కాదు, వాడొక్కడికే పోయేటట్టు చూడమన్నాడు.

కాసేపటికి నాయన ఫోను మోగింది, ఆ కుర్రవాడే. నాయన దాన్ని తీసుకుని వాకిట్లోకి పోబోయాడు. గడప దాకా పోయి, వంటింటి వైపు ఒకసారి చూసి, వెనక్కి వచ్చి కుర్చీలోనే కూర్చున్నాడు.

"నేనే అప్పా రాసింది" అన్నాడు. "ఆ పిల్లోల ఆటో కతంతా నిజమే. అందురికీ మోకాళ్లని సెప్పినాను, ఇంట్లో గూడా. మోకాళ్లు బాగనే ఉండాయి. నాకు భయమైంది. రేపు లోడు ఎత్తొద్దు, మీ ఓనరుతో నేను మాట్లాడతాను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆయన ఫోను పెట్టేసేదాకా చూసింది. ఇప్పుడేం దుమారం లేస్తుందో అనుకున్నాను.

"ఆ ఆటోలో పిల్లోల్లకు ఏం కాలేదు కదా?" అని అడిగింది అమ్మ.

"ఏం కాలేదు" అన్నాడు నాయన. ఇంకోసారి ఏం కాలేదని చెప్పబోయి ఏడ్చేశాడు.