జమ్ములో నా బిట్టర్న్

డిగ్రీ అయిపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ కాలంలో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు. నాకు పక్షుల పిచ్చి పట్టింది. శ్రీకాళహస్తి దాటాక జమ్ము దట్టంగా పెరిగిన బురదనేల ఒకటుంది. ఒక ఉదయం అక్కడ దాల్చినచెక్క రంగు చిన్న కొంగ కనిపించింది. నన్ను చూడగానే ముక్కు ఆకాశానికెత్తి, మెడ సాగదీసి, గాలికి జమ్ము ఎటు ఊగితే తానూ అటే ఊగింది. పుస్తకం తిరగేస్తే అది బిట్టర్న్ అని తేలింది.

ఏటా పక్షులను లెక్కపెట్టే మా జట్టుకు పెద్ద, టోపీ సారు (ఎండ లేకపోయినా టోపీ తీయరు). ఏ పక్షినైనా ఇద్దరు చూస్తేనే ఆయన కాగితంలో రాసేది. పక్కనే ‘ముందు చూసినవారు’ అని ఒక గడి. అందులో నా పేరుండాలని నా ఆశ. నువ్వు చూసింది ఏ చెరువులోనైనా కనిపించే గుడ్డికొంగేనని, జట్టులోనే ఉన్న మా పుత్తూరు బావ తేల్చేశాడు. (నాకు సైకిలు తొక్కడం రాదని తర్వాత నా పెళ్లిచూపుల్లో చెప్పిందీ ఈయనే. మరిచిపోలేదు.)

లెక్క రోజు అందరినీ బురదలో నడిపించి వేలు చూపించాను.

"యాడ బామ్మర్దీ?" అన్నాడు బావ.

"ఆడ. ఊగతా ఉండాది సూడు."

"అన్నీ ఊగతానే ఉండాయి గదప్పా."

అదే దాని విద్య అని ఉపన్యసించాను. అరగంట గడిచినా వేలు దించలేదు. చివరికి బావ విసుగెత్తి ముందుకెళ్లి, నేను చూపిస్తున్నదాన్ని విరిచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎండిన జమ్ముకాడ.

"ఇంటికి తీసకపోయి సాక్కో."

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వుకు బెదిరి, బావ కాలి పక్కనుంచే అసలు పక్షి లేచి, కాళ్లు వేలాడేసుకుని ఎగిరిపోయింది. టోపీ సారు మురిసిపోయి గడిలో బావ పేరు రాశారు. నేను మొన్ననే చూశానని మొత్తుకున్నాను.

"మొన్న నువ్వొక్కడివే గదప్పా. ఈ పొద్దు నువ్వు సూసింది పుల్ల" అన్నారాయన.

సారుకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అలిగి నాలుగేళ్లు లెక్కకు పోలేదు. ఐదో ఏడు పోతే మళ్లీ బిట్టర్న్ కనిపించింది. బావ నాకంటే ముందే చూశాడని నాకు తెలుసు. అయినా నేను చెప్పేదాకా ఎటో చూస్తూ నిలబడి, ఆనక సారుతో, ముందు చూసింది మా బామ్మర్దేనని అన్నాడు. సారు కలం తీశారు.

"నాకీ పక్షి వద్దు సార్. నేను మొదట చూసిన ఆ పొద్దుటిదే కావాల" అన్నాను.

పక్షి పేరు రాసి గడి ఖాళీగా వదిలేశారు. తిరుగు దారంతా బావ నాకు పది అడుగులు ముందే నడిచాడు. ఇన్నేళ్లకు, ఆ బురదలో చేతులు కట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. సారు కలం తీసినప్పుడు ఊ అని ఉండాల్సింది, పాపం బావ కోసమైనా.