దురాయి నాడు దిగిన శత్రువులు

ఏడెనిమిదేళ్ల కిందట, ఉద్యోగంలో నా చివరి పోస్టింగు అల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డునున్న మెరైన్ పోలీస్ స్టేషన్లో ఇన్‌స్పెక్టరుగా పడింది. మా శాఖలో దాన్ని పనిష్మెంటు పోస్టు అంటారు. నేనూ మొహం వేలాడేసుకొనే చేరాను. మెరైన్ పోలీసుల పని తీరాన్ని, తీరానికి దగ్గరి నీళ్లలో తిరిగే పడవలను కనిపెట్టి ఉండడం. ఆ అవతలి సముద్రం కోస్టుగార్డుది, ఇంకా అవతలిది నౌకాదళానిది. మా వాటా సముద్రంలో తిరగడానికి మాకొక స్పీడ్ బోటు ఇచ్చారు. నేనున్న కాలంలో అది ఎక్కువగా రిపేరు షెడ్డులోనే తిరిగింది.

ఆ ఏడు ఆషాఢంలో తీర రక్షణ డ్రిల్లు వచ్చింది. మన బలగాల వాళ్లే కొందరు శత్రువుల వేషం కట్టి, చేపలు పట్టేవాళ్లలా లుంగీలతో ఎక్కడో ఒకచోట ఒడ్డుకు దిగుతారు. వాళ్లను రెడ్ టీమ్ అంటారు. పట్టుకోవలసింది మేము. పట్టుకోవడమంటే చూసి వేలు చూపించడం కాదు, స్టేషనుకు తెచ్చి గదిలో పెట్టాలి. అప్పటిదాకా ఇది డ్రిల్లని మేము బయటపెడితే మాకు సున్నా, తామెవరో వాళ్లు బయటపెడితే వాళ్లకు సున్నా. ఇది చూడడానికి నౌకాదళం నుంచి అంపైరుగా ఒక కుర్ర లెఫ్టినెంటు, చేతికి తెల్లపట్టీ కట్టుకొని మా జీపులో కూర్చున్నాడు. అంతకుముందు ఏడాది మా స్టేషనుకు వచ్చింది సున్నాయే.

రెడ్ టీమ్ దిగడం గవ్వలపాళెంలో దిగింది. దిగిన రోజే బాగాలేదు. ఆనాడు ఆ ఊళ్లో గంగమ్మ జాతర. జాతర నాడు దురాయి వేస్తారు. దురాయి అంటే ఊరి పెద్ద పెట్టే నిషేధం: ఆ రోజు ఎవరూ సముద్రం మీదికి పోకూడదు, ఆ ఒడ్డున ఏ పడవా దిగకూడదు. ఆ పెద్దను అక్కడ పెద్దకాపు అంటారు. అది కులం పేరు కాదు, హోదా. అప్పటి పెద్దకాపు పోలయ్యకు డెబ్బై దాటాయి. జిల్లా కలెక్టరు మాట మీద అప్పీలు ఉంటుంది గాని పోలయ్య మాట మీద ఉండదు.

కాబట్టి ఊరివాళ్లు ఆ నలుగురినీ పట్టుకున్నది దేశానికి శత్రువులని కాదు, దురాయి తప్పారని. ఇసుకలో వరసగా కూర్చోబెట్టి, మీదే ఊరని అడిగారు. జట్టు నాయకుడు అప్పన్న శ్రీకాకుళం వైపు మనిషి. నౌకాదళంలో పెట్టీ ఆఫీసరు, అంటే సైన్యంలో హవల్దారుకు సాటి హోదా. తెలుగొచ్చినవాడు వాళ్లలో అతనొక్కడే. పక్క ఊరు తాటిదిబ్బ అన్నాడు. ఆ యాసేమిటని అడిగితే ఇల్లరికం వచ్చానన్నాడు. భార్య పేరడిగితే, పొద్దున సముద్రంలో ఒక పడవ మీద రాసి ఉండగా చూసిన పేరు చెప్పేశాడు. కామాక్షమ్మ.

తాటిదిబ్బలో కామాక్షమ్మ ఉంది. ఆమెకు శీనయ్య అనే మొగుడూ ఉన్నాడు. భార్య మీది ప్రేమతో పడవ మీద ఆ పేరు రాయించింది ఆ శీనయ్యే.

కబురంది నేను జీపుతో అక్కడికి చేరేసరికి ఈ మూడు సంగతులూ తాటిదిబ్బకు ఫోన్లో అందిపోయాయి. నవ్వుకోవలసిన విషయమే, నవ్వే వీలు మాత్రం లేదు. ఆ రెండు ఊళ్లకూ చేపల వేట హద్దుల దగ్గర పాత తగాదా. ఒకప్పుడు వలలు తగలబెట్టుకున్నారు, తలలు పగలగొట్టుకున్నారు. రెండేళ్లు అటూ ఇటూ తిరిగి, ఇద్దరు పెద్దకాపుల చేతా కలిపి టీ తాగించింది నేను. ఇప్పుడు తాటిదిబ్బవాళ్లు కావాలనే దురాయి తప్పారని వీళ్లు, మా ఆడమనిషి పేరు ఒడ్డున పెట్టి అల్లరి చేశారని వాళ్లు.

అనుమానితులను నాకు అప్పగించమని పోలయ్యను అడిగాను. ఆయన కుదరదన్నాడు. ముందు అమ్మవారి తప్పు తీరాలట, తర్వాత ప్రభుత్వం తప్పు చూసుకోవచ్చట. నేను అంపైరు వైపు చూశాను. అంపైరు తన తెల్లపట్టీ వైపు చూసుకున్నాడు. మా హెడ్ కానిస్టేబుల్ మస్తానయ్య నా చెవిలో, సార్, ఎర్ర జట్టు అన్నం కూడా తినేసినట్టుంది అన్నాడు. నిజమే, నలుగురి ముందూ విస్తళ్లున్నాయి. ఆ ఊళ్లో తప్పు చేసినవాడికైనా పస్తుండగా తీర్పు చెప్పరు.

ఇంతలో తాటిదిబ్బ నుంచి మూడు ట్రాక్టర్లు వచ్చాయి. ముందు ట్రాక్టరు నుంచి శీనయ్య తెడ్డు పట్టుకొని దిగాడు. వెనకే కామాక్షమ్మ దిగింది. గవ్వలపాళెం వాళ్లూ తెడ్లు అందుకున్నారు. నా దగ్గరున్నది మస్తానయ్య, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక అంపైరు. నోరు విప్పితే స్టేషనుకు సున్నా, విప్పకపోతే రెండు ఊళ్లకూ నెత్తురు. సున్నాయే మేలనుకొని నేను ముందుకు కదిలాను. నాకంటే ముందు కామాక్షమ్మ అప్పన్న ఎదుటికి వెళ్లి నిలబడింది.

"ఏందయ్యా, నన్ను ఎప్పుడు చేసుకున్నావు నువ్వు? నాకు తెలవకుండా పెళ్లెట్ట జరిగిందో చెప్పు, నేనూ వింటాను."

ఆ మాటకు అప్పన్న లేచాడు. లుంగీ సర్దుకున్నాడు. కాళ్లు దగ్గరికి చేర్చి, ఆమెకు సెల్యూట్ కొట్టాడు.

"తప్పయిపోనాదమ్మా. నేను నేవీ మనిసిని. ఇది మా డ్రిల్లు. నీ పేరు పడవ మీద సూసాను."

పదిహేనేళ్ల సర్వీసులో ఏ డ్రిల్లులోనూ దొరకని మనిషట అతను. ఆ సంగతి అంపైరు తర్వాత చెప్పాడు. నమ్మకం కుదరక పోలయ్య వాళ్ల సంచి విప్పించాడు. వల కింద నాలుగు రైఫిళ్లున్నాయి. శీనయ్య తెడ్డు దించాడు. దేశాన్ని కాపాడే మనుషులు కదా, ఇక వదిలేయమని నేను పోలయ్యను బతిమాలాను. పోలయ్య రైఫిళ్లను చూశాడు, అప్పన్నను చూశాడు.

"కాపాడితే మంచిదే. దండం పెడతా. దురాయి తప్పినాడా లేదా? ఆ తుపాకులు పక్కన పెట్టి, కాళ్లు కడుక్కొని కుండెత్తుకోమను."

దురాయి తప్పినవాడికి శిక్ష అమ్మవారి అంబలి కుండలు మోయడం. నౌకాదళం వాళ్లు నలుగురూ తలకు కండువాలు చుట్టి, గుడి దాకా కుండలు మోశారు. రైఫిళ్లకు మస్తానయ్య కాపలా ఉన్నాడు. తాటిదిబ్బవాళ్లు వచ్చిన ట్రాక్టర్లలోనే తిరిగి పోకుండా ఆగి అంబలి తాగారు. శీనయ్యకు గిన్నె నింపింది అప్పన్నే. అంపైరు కూడా ఒక కుండ మోస్తానని ముందుకొచ్చాడు గాని, నువ్వేం తప్పు చేశావని పోలయ్య ఒప్పుకోలేదు.

ఫలితాలు వచ్చాయి. తనంతట తాను బయటపడినందుకు రెడ్ టీమ్‌కు సున్నా. స్టేషనుకు తేనందుకు మాకు సున్నా. ఊరికి మార్కులు వేసే పద్ధతి ఆ డ్రిల్లులో లేదు.

పై అధికారి పిలిచి నన్ను దులిపేశాడు. నిలబడి విన్నాను. ఆయన చెప్పిన లోపాలన్నీ నిజమే. కాని ఆ రోజుతో నా ఉద్యోగం ఎందుకో నాకు తెలిసింది. స్వాతంత్ర్యమంటే అంతకుముందు నాకు జెండా వందనం, బందోబస్తు డ్యూటీ. ఆనాడు చూసింది వేరు. సంచిలో తుపాకులున్న నలుగురు, చేతికర్ర కూడా లేని ఒక ముసలాయన కూర్చోమంటే ఇసుకలో కూర్చున్నారు, మోయమంటే మోశారు. తుపాకీ ఉన్నవాడు కూర్చుని, లేనివాడు తీర్పు చెప్పే ఒడ్లు లోకంలో ఎక్కువ లేవు. అప్పన్న లాంటి వాళ్లకు నేను కృతజ్ఞుణ్ణి. వాళ్లు కాపలా కాసేది పోలయ్య తమకే శిక్ష వేయగలిగే ఆ హక్కునే.