రాయని మందుచీటీ

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం అమీర్‌పేటలో బస్సెక్కగానే మా ఆవిడ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. పక్క సీటాయన నాడి చూసి, తాను మిలిటరీ డాక్టర్‌నని చెప్పాడు. మందు రాయమని కాగితం, పెన్ను ఇవ్వబోయాను. అందుకోలేదు.

"పర్మిషన్ లేకుండ బయటోళ్లకు వైద్యం చెయ్యొద్దు తమ్మీ. మా రూలు."

"మరి నాడెందుకు చూశారండీ?"

నాకు ఒళ్లు మండింది. పంజాగుట్ట రాగానే ఆయనే లేచి బస్సు ఆపించాడు.

"గీడ దిగి సీదా దవాఖానకు పోండ్రి. జర సుత ఆగొద్దు. గిది డాక్టర్ మాట కాదు, తోటి ప్యాసింజర్ మాట."

ఆపరేషన్ అయ్యాక అక్కడి సర్జన్, "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. ఏ డాక్టర్ పంపాడు?" అని అడిగాడు.

ఏం చెప్పాలో నాకు పాలుపోలేదు.

"డాక్టర్ కాదండీ, ఎవరో ప్యాసింజర్" అన్నాను.

నిజం చెప్పానో, అబద్ధమాడానో ఇప్పటికీ తేలలేదు.