పద్నాలుగో స్తంభం

దగ్గరికి జరిగి కూసోండ్రి. చేతిల పనుంటె కానియ్యండ్రి, చెవులు మాత్రం ఇటు పెట్టండ్రి. ఇది కట్టుకథ కాదు, మా ఇంట్ల జరిగింది.

ముందే చెప్తున్న, నాకు దయ్యాల మీద, భూతాల మీద ఎన్నడు నమ్మకం లేదు. అయిదో తరగతిల బడి మానేసిన గని, భయపడే మనిషిని కాదు. పెండ్లయిన కొత్తల ఆరేడేండ్లు అడవిలనే బతికిన. పట్టా కప్పిన గుడిసెల, పక్కన బొందలగడ్డ ఉన్నదా లేదా అని కూడ చూసుకోకుండ పడుకున్న. ఒక్కనాడు ఏది కనపడలె, ఏది వినపడలె.

మా ఆయన యేసోబు కరెంటు స్తంభాలు పాతే గ్యాంగుల పనిచేసెటోడు. భద్రాచలం దాటినంక చర్ల దిక్కు అడవి గూడేలకు అప్పుడప్పుడే లైన్లు పడుతున్నయ్. గుంటలు తవ్వుడు, స్తంభాలు లేపుడు, తీగలు గుంజుడు. పదకొండు మంది మొగోళ్లు, వాళ్లకు వండిపెట్టేదాన్ని నేనొక్కదాన్నే. తాళ్లు పట్టి స్తంభం లేపుతుంటె వాళ్లు పాడే పాట గుడిసెదాక వినపడేది. పాట ఆగిందంటె స్తంభం నిలబడ్డట్టు. అప్పుడు పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. ఎండకాలం వస్తె ఇప్పపూల వాసన అన్నంల కలిసిపోయేది. ఒక గూడెంల మొదటి కరెంటు బుగ్గ వెలిగిననాడు ఒక ముసలామె దాని కింద చాప ఏసుకుని పట్టపగలే పడుకున్నది. ఎంత లేపినా లేవలె. తల్సుకుంటె ఇప్పటికి నవ్వొస్తది.

ఆ గూడెంలనే నాకు మొదటి కాన్పయింది. మగపిల్లగాడు. మూడు దినాలు బతికిండు.

నేను జ్వరంతోటి లేవలేకుండ పడి ఉన్న. మా ఆయన, గ్యాంగు మేస్త్రి కలిసి తీస్కపోయి, ప్రార్థన చేసి పూడ్చి వచ్చిండ్రు. పచ్చి బాలెంత రావద్దన్నరు. ఎక్కడ అని అడిగితె మా ఆయన చెప్పలె. "చెప్తె రోజు పోయి ఆడ్నే కూసుంటవ్. ఇంకో బిడ్డ పుట్టినంక నేనే తీస్కపోత" అన్నడు.

తర్వాత ఆడపిల్ల, గ్రేసు పుట్టింది. సారపాకల కాంట్రాక్టు పని దొరికితె ఆడ్నే కిరాయికి దిగినం. అడిగినప్పుడల్ల వచ్చే ఏడు పోదాం అనేటోడు. మేస్త్రి చనిపోయిండు. ఆ జాగ తెలిసినోడు మా ఆయన ఒక్కడే మిగిలిండు. నా కోరిక పెద్దదేం కాదు. సచ్చేలోపల ఒక్కసారి ఆ మట్టి మీద చెయ్యి పెట్టాలె. గ్రేసుకు ఈ ముచ్చట మేము ఎన్నడు చెప్పలె.

గ్రేసు పాలిటెక్నిక్ చదివేటప్పుడు పాత ల్యాప్‌టాప్ కొనుక్కున్నది. దాంట్ల ఫ్యాక్టరీ కట్టే ఆట ఆడేది. ఎవ్వరు లేని జాగల ఒక మనిషి దిగుతడు. బొగ్గు తవ్వాలె, బాయిలర్లు పెట్టాలె, ఆవిరితోటి కరెంటు తియ్యాలె, స్తంభాలు పాతి తీగలు గుంజి మిషన్లకు ఇయ్యాలె. లోడు ఎక్కువైతె మిషన్లన్ని నెమ్మదిస్తయ్. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, చాయ పట్టుకుని పక్కన కూసునేటోడు.

"గుంట తవ్వకుండనే స్తంభం నిలబడ్డదా? మాకు గిట్లుంటె మీ అమ్మకు వండే బాధ తప్పేది" అనేటోడు.

"ఇది ఆట నాన్న. దీంట్ల గాలి రాదు, వాన రాదు."

"గాలివాన లేనిది అడవెట్లయితది? నర్సరీ అయితది గని."

ఒకపాలి ఆమె కట్టిందంత ఆగిపోయింది. బాయిలర్లల్ల బొగ్గేసే మిషన్లు కూడ ఆ కరెంటు మీదనే నడుస్తున్నయట. కరెంటు తగ్గితె బొగ్గు తగ్గింది, బొగ్గు తగ్గితె కరెంటు ఇంకా తగ్గింది, ఆఖరికి మొత్తం బందయింది. మా ఆయన చాయ పక్కన పెట్టి చూసిండు. "పొయ్యిల కట్టెలేసే మనిషికి ముందు అన్నం పెట్టాలె బిడ్డ. బొగ్గేసే మిషన్లకు వేరే చిన్న లైను గుంజు. దాని మీద ఇంకేది కలపకు" అన్నడు. గ్రేసు చేతితోటి బొగ్గేసి మళ్ల నడిపించి, అట్లనే చేసింది. మళ్లెన్నడు ఆగలె. బతుకంత గుంటలు తవ్విన మనిషి ఆనాడు ఇంజనీరు లెక్క మీసం దువ్వుకున్నడు. వారం దినాలు వచ్చినోళ్లకు పోయినోళ్లకు అదే ముచ్చట.

రెండేండ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. దవాఖానాల ఇంక మాట రాదన్నరు. చెప్పుకుంటె సిగ్గు గని, ఆ మాట వినంగనే నాకు ముందు యాదికొచ్చింది ఆయన కాదు, ఆ జాగ. ఎన్నోసార్లు చెవి కాడికి పోయి అడిగిన. ఇంటికప్పు దిక్కు చూస్తుండెటోడు.

పోయిన వానకాలం, ఒక ఆదివారం. గ్రేసు చాన్నాళ్లకు మళ్ల ఆ ఆట తీసింది. అడవి అవతల నూనె బావి ఉన్నదని, మధ్యలున్న చెట్లన్ని కొట్టేసి స్తంభాలు పాతింది. నేను చాయ ఇయ్యబోయి చూసిన. లైను సూటిగ, తాడు గుంజినట్టు ఉన్నది.

పగటిపూట పెద్ద వానొచ్చి కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చెడిపోయింది, కరెంటు పోతె అదీ పోతది. మేము అన్నం తిన్నం. లోపలి అర్రల ఆయనను పక్కకు తిప్పి జావ తాగిచ్చిన. వాన జల్లు కొడుతున్నదని తలుపు గొళ్లెం పెట్టే ఉన్నది. ఎవ్వరు రాలె. నాలుగింటికి కరెంటొచ్చింది.

"అమ్మ, ఇటు రా ఒకసారి" అన్నది గ్రేసు.

పోయి చూసిన. సూటిగున్న లైను మధ్యల ఎడమకు వంగి, చుట్టు తిరిగి, మళ్ల దారికొచ్చింది. ఆ వంపుల ఒక్కటే చెట్టు నిలబడి ఉన్నది. మొదటి నుంచి లెక్కపెడితె పద్నాలుగో స్తంభం కాడ, చెట్టు దిక్కున, ఒక దీపం వెలుగుతున్నది.

"దీనికి ఏ స్తంభం నుంచి వైరు లేదమ్మ. ఇది వెలగొద్దు" అన్నది.

గ్రేసు పొద్దున సేవ్ చేసి దాచిపెట్టుకున్న ఆట తెరిచి చూపిచ్చింది. దాంట్ల లైను సూటిగనే ఉన్నది. దాని పైన ఇంకోటి దాచినట్టు ఉన్నది, టైము రెండున్నర. అప్పుడు మా వాడకట్టంత కరెంటు లేదు.

ఆ వంపు నాకెరుకే. నా బిడ్డ పోయిన గూడెంల లైనుకు ఇప్పచెట్టు అడ్డమొచ్చింది. కొట్టనియ్యం అని ఆడోళ్లంత చెట్టు చుట్టు నిలబడ్డరు. మేస్త్రి తిట్టుకుంట తిట్టుకుంట లైను తిప్పిండు. మూడు స్తంభాలు ఎక్కువ పడ్డయ్. రోజు అన్నం గంప నెత్తిన పెట్టుకుని, స్తంభాలు లెక్కపెట్టుకుంట ఆ వంపు ఎంబడే నడిచిన. అప్పటికి గ్రేసు పుట్టనే లేదు.

ఆనాడు చెప్పిన బిడ్డకు. ల్యాప్‌టాప్ పక్కకు జరిపి నా దిక్కు తిరిగింది.

"నాకు అన్న ఉండెనా?"

"అవ్ బిడ్డ."

వారం దినాలకు మా చెల్లెను ఆయన కాడ ఉంచి ఇద్దరం పోయినం. చర్లదాక బస్సు, ఆడ్నించి ఆటో. ఇప్పచెట్టు అట్లనే ఉన్నది, ఇంకింత లావైంది. లైను దాని చుట్టు తిరిగే పోతున్నది. ట్రాన్స్‌ఫార్మర్ కాడ్నించి లెక్కపెట్టుకుంట నడిచినం. పద్నాలుగో స్తంభం కాడ ఆగి చెట్టు దిక్కు పది అడుగులేస్తె, గడ్డిల తెల్ల రాళ్లు కుప్పగ కనపడ్డయ్. నున్నటి గోదారి రాళ్లు. ఆ ఎర్రమట్టిల అసొంటి రాళ్లు దొరకయ్.

కట్టెల మోపుతోటి ఒక ముసలామె వచ్చి ఎవరు మీరని అడిగింది. మా ఆయన పేరు చెప్పిన.

"యేసోబా? ఏటా వస్తడు గదా. వానలు వెలిసినంక వస్తడు, రాళ్లు తెస్తడు, కూసుంటడు, పోతడు. రెండేండ్లాయె రాక. లేడా ఏంది?"

"ఉన్నడు. లేవలేడు."

"మరి నిన్నెన్నడు తీస్కరాలె?"

కిందికి వంగి మట్టి మీద చెయ్యి పెట్టిన. గ్రేసు నా చెయ్యి పక్కన దాని చెయ్యి పెట్టింది. పొద్దు వాలిందాక లేవబుద్ధి కాలె.

ఇంటికొచ్చి మంచం పక్కన కూసుని చెప్పిన. "చూసొచ్చిన. ఇన్నేండ్లు నాకు చెప్పకుండ ఒక్కనివే పోయినవు గదా, దొంగ మనిషి." ఆయన ఎడమ కంట్లకెళ్లి నీళ్లు కారినయ్. ఈ జబ్బుల కండ్లు ఊకనే కారుతయని డాక్టరు ముందే చెప్పిండు. అందుకని దాన్ని నేను సాక్ష్యం కింద పట్టుకోను.

ఎందుకు దాచిండో కొంచెం సమజైతది. నా ముందు ఒక్కనాడు ఏడ్వలె. ఆయనకూ ఏడ్చేటందుకు ఒక జాగ కావాలె గదా.

ఆ లైను ఎవరు తిప్పిండ్రో మాత్రం నాకు సమజ్ కాదు. కంప్యూటర్లు తెలిసిన పిల్లలు ఏదేదో చెప్తరు, కరెంటు లేదు గదా అంటె ఆగిపోతరు. గ్రేసు ఆనాడు ఫోన్‌ల తీసిన ఫొటోల దీపం వెలుగుతనే ఉన్నది. ఇప్పుడు ఆట తెరిస్తె దీపం ఉన్నది గని, ఆరిపోయి ఉన్నది. గ్రేసు దానికి వైరు కలపలె, తీసెయ్యలె.

ఇంతసేపు ఓపికతోటి విన్నరు. మీ పిల్లలు మీ కండ్ల ముందే నిండుగ పెరగాలె. మీ ఇంట్ల ఆలుమగల మాట ఎన్నడు ఆగిపోవద్దు. ఒకరి దుఃఖం ఒకరికి దాచుకునే గతి మీ గడపకు రావద్దు.