కదిపితే ఆగిపోయే ఆట

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాటు కిటికీ నుంచి ఎల్ఆర్‌టీ రైలు కనిపించేది. ఒకటి పోగానే రెండోది ఎందుకు రాలేదని గునిసేదాన్ని. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని అమ్మ రోజూ విసుక్కునేది.

సాఫ్ట్‌వేరు ఉద్యోగాల కోసం మనవాళ్లు సింగపూర్‌లో తెగ దిగుతున్న రోజులవి. మా నాన్న కూడా అలాగే వచ్చాడు. మా పై అంతస్తులో ఒక అక్క గది అద్దెకు తీసుకుని యూనివర్సిటీలో పరిశోధన చేస్తుండేది. అనంతపురం వైపు మనిషి. ఆమె లాప్‌టాప్ నిండా మొబైల్ ఆటలే, అన్నీ ట్రయల్ ఆటలు. మొదటి దశ ఊరికే ఆడనిచ్చి, మనం బాగా రుచి మరిగాక, మిగతాది కొనుక్కోమనేవి. అమ్మ పాత ఫోనులో ఒక్కటైనా ఎక్కించమని అక్క ప్రాణం తోడేసేదాన్ని. రేపు చూద్దాం అని దాటేసేది.

ఒకరోజు అమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. నాన్న ఆమెను టాక్సీ ఎక్కిస్తూ నన్ను అక్కకు అప్పగించి, అమ్మ ఫోను నా చేతిలో పెట్టాడు. ఏ కబురైనా దీనికే చేస్తానన్నాడు. ఆయన ముఖం చూశాక అమ్మ ఇక తిరిగి రాదేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ మాట పైకి అంటే నిజమైపోతుందేమోనని అక్కతో కూడా అనలేదు.

కాళ్లు నిలవడం లేదు. తలుపు దాకా వెళ్తాను, వస్తాను, నాన్నకు ఫోను చేస్తాను. ఆయన ఎత్తడు. మళ్లీ చేస్తాను. అక్క కింది కాఫీషాపు నుంచి తెచ్చిన నూడిల్స్ అలాగే చల్లారిపోయాయి. చివరికి అక్క, "నువ్వే చేస్తా ఉంటే మీ నాయన ఎట్ల చేస్తాడు పాపా? ఇట్ల తే, ఆట ఎక్కిస్తా" అంది.

అప్పట్లో కొన్ని ఫోన్లకూ లాప్‌టాప్‌లకూ అంచున చిన్న నల్లటి కిటికీ ఉండేది. ఆ రెండు కిటికీలనూ ఎదురెదురుగా పెడితే, కంటికి కనబడని వెలుతురు మీద ఫైలు ఇటు నుంచి అటు పాకేది. ఏది కాస్త జరిగినా అంతే సంగతులు, మళ్లీ మొదటికి రావాల్సిందే. అక్క రెండింటినీ భోజనాల బల్ల మీద సర్ది, "తాకగాకు. బల్ల కూడా కదలగూడదు" అని నన్ను కాపలా పెట్టింది.

నా కాలు ఊగింది, బల్ల ఊగింది, ఆట ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాం. ఫోను మోగినట్టనిపించి లాక్కున్నాను. అదీ పోయింది. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం విసుక్కోకుండా మళ్లీ సర్దింది. ఈసారి నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, తెర మీద జరుగుతున్న గీతనే చూస్తూ కూర్చున్నాను. ఫోను మోగాలి. అయ్యో, ఇప్పుడే మోగకూడదు. నా తలంతా ఆ గీతే అయిపోయింది. "ఊపిరన్నా పీల్చుకుంటా ఉండావా?" అని అక్క నవ్వింది.

గీత చివరికొచ్చింది. అప్పుడే ఫోను మోగింది. నేను కొయ్యబారిపోయాను. "ఎత్తు పాపా, ఆట ఎక్కడికి పోతాది!" అని అక్క అరిస్తే గానీ నా చేయి లేవలేదు.

అమ్మ బాగుందన్నాడు నాన్న. తమ్ముడు పుట్టాడని, అద్దాల పెట్టెలో పెట్టారని, భయం లేదన్నారని చెప్పాడు. చెబుతూ ఆయనే ఏడ్చాడు. అంతసేపూ బిగబట్టుకున్నదంతా నాకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అక్క నన్ను ఒళ్లోకి లాక్కుంది.

నేను తేరుకున్నాక అక్క తన సంచిలోంచి ఒక కేబుల్ తీసి ఫోనుకు తగిలించింది. చిటికెలో ఆట ఎక్కేసింది. నాకు ఒళ్లు మండి, బడిలో అంటిన సింగపూర్ యాస పైకొచ్చింది. "చీటింగ్ లా, అక్కా! ముందే ఎందుకు తీయలేదు?"

"తీసుంటే అప్పుడే అయిపోయేది. ఆమీద నిన్ను ఎవరు పట్టుకోవాల?"

ఆ ఆట పేరు కూడా నాకిప్పుడు గుర్తులేదు. మొదటి దశ కాగానే డబ్బు కట్టమంది, ఆపేశాను. కానీ ఆ మధ్యాహ్నం అక్క నన్ను ఏడవొద్దనలేదనీ, ఏమీ కాదని ఉత్తుత్తి ధైర్యం చెప్పలేదనీ పెద్దయ్యాక తోచింది. కూర్చోలేని పిల్ల కూర్చుని తీరాల్సిన పని ఒకటి వెతికి ముందు పెట్టింది, పక్కనే తనూ కూర్చుంది. నేనంటే ఎంత ఇష్టం లేకపోతే అంత ఓపిక వస్తుంది!

మొన్న నాన్నకు గుండె ఆపరేషన్ అవుతుంటే, అద్దాల పెట్టెలోంచి బయటపడిన ఆ తమ్ముడే, ఇప్పుడు ఆరడుగుల మనిషి, ఆసుపత్రి వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాడు. కూర్చోరా అంటే వినడు. అమ్మ ఇన్నాళ్లూ వాడిన ఫోనూ కొత్తగా కొన్నదీ వాడి చేతిలో పెట్టి, ఫోటోలన్నీ కొత్తదాంట్లోకి మార్చమన్నాను. అక్కడి వైఫై నత్తనడక. "ఇప్పుడే చెయ్యాలా అక్కా?" అన్నాడు. ఇప్పుడే అన్నాను. వాడు గొణుక్కుంటూ కూర్చున్నాడు, నేను పక్కన చేరాను.

కేబుల్ నా సంచిలోనే ఉంది. తీయలేదు.