శెనగగింజంత మచ్చ

పంతొమ్మిది వందల డెబ్బైలలో, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న రైతు అందరికీ లడ్డూలు పంచాడు. "బిడ్డ పుట్టిందా?" అని అడిగాను.

"కాదు సారూ. ఎక్స్‌రే తీస్తే నా ఊపిరితిత్తులల్ల శెనగగింజంత మచ్చ కనబడ్డది. పట్నం దవాఖానల గొంతులకెళ్లి ఇనుప గొట్టం ఏసి సూసిన్రు. మచ్చ యాడనో మూలకున్నదంట, గొట్టం అందలే. ఇగ కోసి సూసిన్రు. క్యాన్సర్ కాదంట, పాత టీబీ మచ్చేనంట!"

నవ్వుతూ అంగీ ఎత్తాడు. రొమ్ము కింద నుంచి వీపు దాకా కోత, ఇంకా ఎర్రగానే ఉంది.

"కేవలం చూసేందుకే ఇంత కోశారా?"

"కోస్తేనే గదా సారూ, బతుకుతనని తెలిసింది. జెర తినున్రి."

తినలేకపోయాను. అతను దిగి చెయ్యూపేసరికి లడ్డూ నా పిడికిట్లో పొడైపోయి ఉంది.